గోడ అవతలి వీధి

(సభకు రాలేకపోయినవారు చదువుకునేందుకు వీలుగా, నగర ప్రణాళిక బోధించే ఒక ఉపాధ్యాయుడు హైదరాబాదులో చేసిన ప్రసంగాన్ని రికార్డింగు విని అక్షరబద్ధం చేశాం. తడబాట్లు మాత్రమే తీసివేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో కూర్చున్నవారికి వినిపిస్తోంది కదా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరకు జరుగుతాను.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది వీధుల గురించి. రోడ్ల గురించి మనం రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఏ రోడ్డును ఎంత వెడల్పు చేశారు, ఎక్కడ గుంత పడింది, ఏ కూడలి మీద ఫ్లైఓవరు వస్తోంది, ఇవన్నీ పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. నేను అడగదలచుకున్నది వేరే ప్రశ్న. ఒక వీధిలో నిలబడి, ఈ వీధి ఎక్కడికి పోతుంది, దాని చివర ఏముంది అని అడుగుతాను. చివర మరో వీధి ఉందా, గోడ ఉందా? ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే ఈ గంటసేపు తిరుగుతాను. ఎందుకంటే నగరం పెరిగే కొద్దీ ఈ ప్రశ్నకు జవాబు మారిపోతూ వచ్చింది, ఆ మార్పును మనలో చాలామందిమి గమనించలేదు.

ముందుగా ఒక గోడ గురించి చెబుతాను. ఈ నగరానికి పడమటి అంచున ఒక కాలనీ ఉంది, దాని పేరు ఇక్కడ అవసరం లేదు. కొన్నేళ్ల క్రితం మా విద్యార్థులను వెంటబెట్టుకుని, కొలతల టేపు పట్టుకుని అక్కడికి వెళ్ళాను. ఒక ఇంటి మూడో అంతస్తు డాబా మీదికి ఎక్కితే, కాలనీ ప్రహరీకి అవతల ఒక బడి మైదానం కనిపిస్తుంది. పిల్లల అరుపులు వినిపిస్తాయి, గంట కొడితే గంట వినిపిస్తుంది. ఆ ఇంటి ఇల్లాలిని అడిగాను: అమ్మా, మీ పాప చదివే బడి ఎంత దూరం? ఆమె ఏమన్నారో తెలుసా? ‘గోడ దూకితే రెండు నిమిషాలండీ, బండి మీద పోతే పావుగంట’ అన్నారు. మేము కొలిచాం. ఇంటి గేటు నుంచి బడి గేటుకు తిన్నగా 140 మీటర్లు. కాలనీ గేటు దాకా వెళ్ళి, మెయిన్ రోడ్డెక్కి, యూటర్న్ తీసుకుని, పక్క లేఅవుట్ గేటులోంచి లోపలికి వస్తే 2 కిలోమీటర్ల 300 మీటర్లు. అంటే పదహారు రెట్లు.

ఆ గోడను ఒకసారి దగ్గరగా చూడండి. పైనున్న రెండు వరసల ఇటుకలు ఎవరో తీసేశారు. ఇటువైపు ఒక రాతి కడీని ఏటవాలుగా ఆనించారు, అటువైపు పగిలిన సిమెంటు ఇటుకలు మెట్లలాగా పేర్చారు. ఇటుకలు తీసేసిన చోట గోడ అంచు, చేతులు ఆని ఆని నున్నగా అరిగిపోయింది. మేము అక్కడ నిలబడి ఉండగానే ఒక సంచీ గోడ మీది నుంచి ఇవతల పడింది, దాని వెనకే ఒక అబ్బాయి దిగాడు. ప్రణాళికలో లేని దారిని జనం తమ చేతులతో తాము వేసుకున్నారు. ఒక వీధి ఎక్కడ ఉండవలసిందో ఆ అరిగిన ఇటుక చెబుతోంది.

ఆ గోడ అక్కడికి ఎలా వచ్చింది? ఎవరైనా కావాలని అడ్డం కట్టారా? లేదు. పక్కపక్కనే రెండు సర్వే నంబర్లు, ఇద్దరు యజమానులు, మధ్యలో ఒక గెట్టు. ఒకాయన ముందు లేఅవుట్ వేశాడు, రెండో ఆయన కొన్నేళ్ల తరువాత వేశాడు. ఎవరి లేఅవుట్ వారిది. కాగితం మీద చూస్తే రెండూ శుభ్రంగానే ఉంటాయి, 30 అడుగుల రోడ్లు ఉంటాయి, పార్కు స్థలం ఉంటుంది. కానీ ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూసినవారు లేరు. పెట్టి చూస్తే తెలుస్తుంది: ఇటు రోడ్డు గెట్టు దాకా వచ్చి ఆగితే, దానికి ఎదురుగా అటు ప్లాటు వచ్చింది. ఆ ప్లాటు కొన్నవారు తమ గోడ తాము కట్టుకున్నారు. అందులో వారి తప్పేముంది?

ఇంకో సంగతి కూడా ఉంది, మీ అందరికీ తెలిసిందే. రోడ్డు వచ్చి సూటిగా ఒక ప్లాటుకు తగిలితే దాన్ని మనం వీధిపోటు అంటాం. వీధిపోటు ఉన్న ప్లాటును చాలామంది కొనరు, అందుకని లేఅవుట్ వేసేవారు రోడ్డును ముందే ఆపేస్తారు, లేదా పక్కకు తిప్పేస్తారు. అలాగే కొనేవారు తూర్పు ముఖం అడుగుతారు, లేకపోతే పడమర అడుగుతారు. అందువల్ల ఉత్తరం నుంచి దక్షిణానికి పొడవాటి వీధులు వేసి, వాటికి అటూ ఇటూ వరసగా ప్లాట్లు కోస్తారు. తూర్పు పడమరలను కలిపే అడ్డ వీధి వస్తే నాలుగు ప్లాట్లు పోతాయి, కనుక అడ్డ వీధులు తగ్గిపోతాయి. నేను నమ్మకాలను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. నగరం ఆకారం ఏ పెద్ద నిర్ణయాల వల్ల వస్తుందో అనుకుంటాం కదా, అది ఇలాంటి వేల చిన్న నిర్ణయాల వల్ల కూడా వస్తుంది, ఆ మాట చెప్పడానికి చెబుతున్నాను.

సరే, వీధులు బాగా కలిసి ఉన్నాయని, లేక విడిపోయాయని మనం ఎలా చెప్పగలం? దీనికి పెద్ద గణితం అక్కరలేదు. ఒక కూడలిలో నిలబడండి, అక్కడి నుంచి ఎన్ని దారులు చీలుతున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టండి. నాలుగు చీలితే అది చౌరస్తా. మూడు చీలితే ఒక రోడ్డు మరో రోడ్డుకు వచ్చి తగిలిందన్న మాట. ఒక్కటే దారి ఉంటే, అంటే వచ్చిన దారినే తిరిగి పోవలసి వస్తే, అది డెడ్ ఎండ్. ఒక ప్రాంతంలో చౌరస్తాలు ఎన్ని, డెడ్ ఎండ్‌లు ఎన్ని అని చూస్తే సగం సంగతి అర్థమవుతుంది. మిగతా సగం, నేను ఇందాక గోడ దగ్గర చేసిన లెక్కే: పక్షి ఎగిరే దూరం ఎంత, మనిషి నడిచే దూరం ఎంత. వీధులన్నీ చదరంగం గళ్ళలాగా ఉన్న ఊళ్ళో ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళినా ఈ నిష్పత్తి 1.41 దాటదు, సగటున 1.27 దగ్గర ఉంటుంది. మా గోడ దగ్గర అది పదహారు.

ఇంకో చిన్న లెక్క చెబుతాను, ఇది నాకు చాలా ఇష్టం. గళ్ళలాంటి వీధులున్న ఊళ్ళో మీరు తూర్పుకు మూడు వీధులు, ఉత్తరానికి మూడు వీధులు అవతలికి వెళ్ళాలి. వెనక్కి తిరగకుండా, చుట్టు తిరగకుండా ఎన్ని రకాలుగా వెళ్ళవచ్చు? ఎవరైనా చెబుతారా? ఆరు కాదు, తొమ్మిది కాదు, 20 రకాలుగా వెళ్ళవచ్చు. అదే ఐదు వీధులు, ఐదు వీధులు అయితే 252. ఒక చోట పెళ్ళి షామియానా వేశారు, ఒక చోట డ్రైనేజీ కోసం తవ్వారు, పక్క వీధి పట్టుకుని పోతారు. ఇప్పుడు చెట్టును ఊహించుకోండి. మాను మెయిన్ రోడ్డు, కొమ్మ కాలనీ రోడ్డు, రెమ్మ మీ వీధి, ఆకు మీ ఇల్లు. ఒక ఆకు నుంచి మరో ఆకుకు చేరాలంటే ఎన్ని దారులు? ఒక్కటే. పక్క కొమ్మ మీది ఆకు కంటికి ఎదురుగానే ఉంటుంది, కానీ మాను దాకా దిగి మళ్ళీ పైకెక్కాలి. మానులో ఎక్కడ అడ్డం పడినా మొత్తం చెట్టు ఆగిపోతుంది. మన నగరాలు చదరంగం పటం నుంచి చెట్టు వైపు నడుస్తున్నాయి. నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఇదే.

హైదరాబాదును ఒక వరసలో చూద్దాం, లోపలి నుంచి బయటికి. 1591లో నగరానికి పునాది వేసినప్పుడు రెండు పెద్ద దారులు ఒకదాన్నొకటి కోసుకునే చోట చార్మినార్ కట్టారు. నాలుగు వైపులా నాలుగు దారులు. నగరం చౌరస్తాతో పుట్టింది. మన గుడుల ఊళ్ళను చూసినా ఇదే కనిపిస్తుంది. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టూ నాలుగు మాడ వీధులు, ఊరేగింపు బయలుదేరితే వచ్చిన దారిన వెనక్కి రాకుండా చుట్టూ తిరిగి గుడికి చేరుతుంది. రథం వెనక్కి నడవదు కనుక వీధి చివర వీధి ఉండాలి. పాతబస్తీ గల్లీలన్నీ బాగా కలిసి ఉన్నాయని నేను అనడం లేదు. లోపల మూసుకుపోయిన సందులు చాలా ఉన్నాయి. కానీ ఆ సందులు చిన్నవి, వాటిని దాటి పది అడుగులు వేస్తే బజారు వీధిలో పడతాం. నడిచేవారి కోసం ఏర్పడిన నగరం అది.

ఆ తరువాత 1908లో మూసీ వరద వచ్చింది. వేల ప్రాణాలు పోయాయి. దాని తరువాత 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది, ఇరుకు బస్తీలను సరిచేసి, వీధులు వెడల్పు చేసి, పత్తర్‌గట్టి లాంటి బజారును తీర్చిదిద్దింది. ఒక ప్రభుత్వ సంస్థ బాధ్యత తీసుకుని వీధి గీసిన కాలం అది. తరువాతి తరంలో హౌసింగ్ బోర్డు వేసిన కాలనీలను చూడండి. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో తిరిగినవారు ఇక్కడ చాలామంది ఉంటారు. ఫేజుల వారీగా వేసినా, ఒకే సంస్థ ఒకే కాగితం మీద గీసింది కనుక ఒక రోడ్డు మూసుకుపోతే మరో రోడ్డు దొరుకుతుంది. అక్కడ వ్యాపారాలు అంతగా పెరగడానికి ఆ కలిసిన వీధులు కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

ఇక అక్కడి నుంచి బయటికి వెళ్ళే కొద్దీ ఏం జరిగింది? పొలాలు ఎకరాల లెక్కన చేతులు మారాయి. ఒక్కో సర్వే నంబరు ఒక్కో లేఅవుట్ అయింది. కొన్నింటికి అనుమతి ఉంది, చాలావాటికి లేదు. 2020లో తెలంగాణ ప్రభుత్వం లేఅవుట్ల క్రమబద్ధీకరణకు దరఖాస్తులు పిలిస్తే రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా వచ్చాయి. ఒక్కసారి ఆలోచించండి, 25 లక్షలు. క్రమబద్ధీకరణలో రుసుము కట్టించుకుంటారు, ప్లాటుకు గుర్తింపు దొరుకుతుంది, బ్యాంకు అప్పు దొరుకుతుంది. కానీ పక్క లేఅవుట్‌కు దారి దొరుకుతుందా? గోడ కట్టేశాక, ఇల్లు లేచాక, దారిని క్రమబద్ధం చేయగలిగిన రుసుము ఏదీ లేదు. ఆ రుసుము కట్టినవారిని నేను ఏమీ అనడం లేదు. జీవితకాలం కూడబెట్టి 200 గజాలు కొనుక్కున్నవారు వారు. దారి చూడవలసిన బాధ్యత వారిది కాదు.

పరిపాలన సరిహద్దులు కూడా దీనికి తోడయ్యాయి. 2007 ఏప్రిల్‌లో 12 పురపాలక సంఘాలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి జీహెచ్ఎంసీ, అంటే గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థ, ఏర్పాటు చేశారు. అంటే అంతకు ముందు నగరం చుట్టూ ఇన్ని వేర్వేరు స్థానిక సంస్థలు ఉన్నాయి. ఒక్కో కార్యాలయంలో ఒక్కో పటం. పటం అంచున వీధి ఆగిపోతుంది, ఎందుకంటే ఆ గీత దాటాక మరొకరి పటం మొదలవుతుంది.

నేలను కూడా మనం మరచిపోకూడదు. హైదరాబాదులో గుట్టలున్నాయి, బండలున్నాయి, చెరువులున్నాయి, వాటిని దాటి వీధి పోదు, పోకూడదు కూడా. విజయవాడవారు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు, సంతోషం. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, వీటి మధ్య పుట్టి పెరిగినవారికి నేను చెప్పేది ఏముంది? ఎదురింటికి వెళ్ళాలన్నా వంతెన వెతుక్కోవాలి. అయితే కాలువ మీద వంతెన కట్టవచ్చు. ఇక్కడే దుర్గం చెరువు మీద 2020లో తీగల వంతెన తెరిచారు, జూబ్లీహిల్స్‌కు, మాదాపూర్‌కు మధ్య చుట్టు తిరుగుడు తగ్గింది. మరి సైనిక స్థలాలు, విశ్వవిద్యాలయాలు, పరిశ్రమల ఆవరణలు? సికింద్రాబాదు కంటోన్మెంటు సుమారు 40 చదరపు కిలోమీటర్లు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి కేటాయించిన స్థలం సుమారు 2,300 ఎకరాలు. ఇవి నగరానికి ఊపిరితిత్తులు, వాటిని ముక్కలు చేయమని నేను అనను. కానీ పెద్ద ఆవరణ ఉన్న చోట, దాని చుట్టూ ఉన్న వీధులు మరింత బాగా కలిసి ఉండాలి. మనం దానికి సరిగ్గా వ్యతిరేకంగా చేశాం. పెద్ద ఆవరణల పక్కనే పెద్ద గేటెడ్ కమ్యూనిటీలు వేశాం.

ఇది మన ఒక్కరి కథేనా? కాదు. న్యూయార్కులో 1811లోనే అధికారులు కూర్చుని, మాన్‌హాటన్ దీవిలో అప్పటికి ఇంకా పొలాలుగా ఉన్న నేల మీద గళ్ళు గీశారు. జనం రాక ముందే వీధి వచ్చింది. బార్సిలోనాలో 1859లో ఇల్డెఫోన్స్ సెర్దా అనే ఇంజనీరు పాత కోటగోడలు దాటి నగరం ఎలా విస్తరించాలో గీశాడు. ఒక్కో గడి 113 మీటర్లు, వీధి 20 మీటర్లు, ప్రతి గడి మూలను కోసి కూడలిని విశాలం చేశాడు. ఈనాటికీ ఆ వీధులు అలాగే ఉన్నాయి. అప్పటికి అక్కడ కార్లు లేవు, మెట్రో లేదు. అయినా ఆ వీధులు అన్నింటినీ ఇముడ్చుకున్నాయి.

తరువాత గాలి మళ్ళింది. 1929లో అమెరికాలో న్యూజెర్సీలో రాడ్‌బర్న్ అనే కాలనీ కట్టారు. పిల్లలు కారు కింద పడకూడదు అన్న మంచి ఉద్దేశంతో, ఇళ్ళను మూసుకుపోయే చిన్న వీధుల చుట్టూ అమర్చారు. కానీ ఒకటి గమనించండి, రాడ్‌బర్న్‌లో కార్లకు మూసిన చోట నడిచేవారికి దారి తెరిచారు, ఇళ్ళ వెనక తోటల్లోంచి కాలిబాటలు వేశారు. దాన్ని చూసి నేర్చుకున్నవారు మూసిన వీధిని తీసుకున్నారు, కాలిబాటను వదిలేశారు. 1930లలో గృహరుణాలకు హామీ ఇచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ కూడా గళ్ళ వీధులకంటే వంకర వీధులనే, మూసుకుపోయే వీధులనే మెచ్చుకుంది. అప్పు ఇచ్చేవాడు ఏది మెచ్చుకుంటే కట్టేవాడు అదే కడతాడు. అలా అర్ధ శతాబ్దానికి పైగా సాగింది.

క్రిస్టఫర్ బారింగ్టన్-లీ, ఆడమ్ మిల్లార్డ్-బాల్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని లెక్క కట్టారు. అమెరికాలో కొత్త వీధుల అనుసంధానం ఇరవయ్యో శతాబ్దం పొడవునా తగ్గుతూ వచ్చి, 1994 ప్రాంతంలో అట్టడుగుకు చేరి, తరువాత మెల్లగా మెరుగుపడటం మొదలైందని 2015లో చూపించారు. 2020లో ప్రపంచం మొత్తాన్ని తీసుకున్నారు. ఎవరైనా దిద్దగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటాన్ని, ఉపగ్రహ చిత్రాలను కలిపి చూశారు. జనాభా ఎక్కువగా ఉన్న 134 దేశాల్లో 90 శాతం దేశాల్లో 1975 తరువాత కొత్తగా వేసిన వీధులు, అంతకు ముందు వాటికంటే తక్కువగా కలిసి ఉన్నాయని తేలింది. 2000 తరువాత మెరుగుపడుతున్న దేశాలు 29 శాతం మాత్రమే. గేటెడ్ కమ్యూనిటీల్లో కనిపించే చుట్టు తిరుగుడు వీధుల వాటా ఈ కాలంలో దాదాపు రెట్టింపయింది.

వారు చెప్పిన మరో మాట నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. ఒకప్పుడు వీధులు విడిపోయి ఉన్న నగరంలో తరువాత వేసిన వీధులూ విడిపోయే ఉంటున్నాయి. ఎందుకలా? ఇది మన కళ్ళ ముందు జరిగేదే. పక్క కాలనీ మూసుకుపోయి ఉంటే మీ రోడ్డును అటు తీసుకెళ్ళి ఏం లాభం? మీరూ మూసేస్తారు. మీ తరువాతివారూ మూసేస్తారు. ఇల్లు పాతబడితే కూల్చి కట్టుకుంటాం, దుకాణం మారుతుంది, నీళ్ళ పైపు మారుతుంది. వీధి గీత మాత్రం మారదు. మాన్‌హాటన్‌లో రెండు వందల ఏళ్ల తరువాతా అవే గీతలు.

ఇక్కడ స్ప్రాల్ అనే మాట గురించి కొంచెం చెప్పాలి. నగరం పలచగా, చెదిరిపోయి, దూరదూరంగా పరుచుకోవడాన్ని స్ప్రాల్ అంటారు. సాధారణంగా దాన్ని ఎకరానికి ఎంతమంది అనే లెక్కతో కొలుస్తారు. ఆ లెక్క మన నగరాలకు సరిపోదు. నగరం అంచున ముప్ఫై అంతస్తుల బురుజులు కడుతున్నాం, ఎకరానికి జనం తక్కువేమీ కాదు. అయినా పాల ప్యాకెట్టుకు కూడా బండి తీయవలసి వస్తోంది. ఎందుకు? జనం దగ్గరగా ఉన్నారు, దారులు దూరంగా ఉన్నాయి. ఎత్తుగా కట్టినంత మాత్రాన చెదిరిపోవడం ఆగదు. దగ్గరగా ఉన్నవాటిని కూడా విడదీసి దూరం చేయడం, మన స్ప్రాల్ ఇదే.

దీని ఫలితం ఎక్కడ కనిపిస్తుంది? మెయిన్ రోడ్డు మీద కనిపిస్తుంది. కూతవేటు దూరంలో ఉన్న బడికి పోవడానికి కూడా జాతీయ రహదారి ఎక్కాలంటే, ఆ రహదారి మీద ముంబయి లారీ, బడి బస్సు, కూరగాయల ఆటో, అందరూ ఒకే చోట చేరతారు. అప్పుడు మనం రహదారిని వెడల్పు చేస్తాం, ఫ్లైఓవరు కడతాం. ఆ రద్దీలో ఎంత భాగం నిజంగా దూరం పోయేవారిది, ఎంత భాగం పక్క కాలనీకి పోయేవారిది అని మనం అడగడం లేదు. బస్సుల సంగతి చూడండి. లోపల తిరిగి బయటపడే దారి లేని చోటికి బస్సు రాదు, రోడ్డు మొగ దగ్గర ఆగిపోతుంది. నగరంలో 69 కిలోమీటర్ల మెట్రో వేసుకున్నాం, దాని పక్కనే ఉండి కూడా స్టేషనుకు నడిచి చేరలేని ఇళ్ళు ఉన్నాయి, మధ్యలో ఒక ప్రహరీ ఉంటే చాలు. అగ్నిమాపక వాహనం, అంబులెన్సు, వీటికి రెండో దారి లేకపోతే ఏమవుతుందో నేను విడమరచి చెప్పనక్కరలేదు.

ఔటర్ రింగ్ రోడ్డు మాటేమిటి అని ఇందాక ముందు వరుసలో ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. 158 కిలోమీటర్ల ఎనిమిది వరసల రోడ్డు, వేగంగా పోవడానికి దానికి సాటి లేదు. కానీ దాన్ని ఎక్కడ పడితే అక్కడ ఎక్కలేం, దిగలేం. అది పెద్ద దూరాలను కలిపింది, చిన్న దూరాలను కలపడం దాని పని కాదు. దాన్ని ఎక్కి దిగే చోట్ల, అంటే ఇంటర్‌చేంజీల, మధ్య ఉన్న పొలాలన్నీ ఇప్పుడు లేఅవుట్లు అవుతున్నాయి. అవి ఒక్కొక్కటీ ఒకే పాత పంచాయతీ రోడ్డుకు, చింతకొమ్మకు కాయలు వేలాడినట్టు, వేలాడుతున్నాయి. ఆ కొమ్మ ఎంత భారం మోస్తుంది?

ఇప్పుడు రెండో వైపు వాదన కూడా నేను నిజాయితీగా చెప్పాలి. మూసుకుపోయిన వీధిని జనం కోరుకుంటారు. పిల్లలు ఆడుకుంటారు, దూసుకుపోయే బండ్లు ఉండవు, కొత్తవారు వస్తే తెలుస్తుంది. ఇది అబద్ధం కాదు. నేనూ పిల్లలున్నవాణ్ణే. అయితే బండిని ఆపడానికి మనిషిని ఆపనక్కరలేదు. వీధి చివర నాలుగు రాళ్ళు పాతితే కారు ఆగుతుంది, నడిచేవారు పోతారు, సైకిలు పోతుంది. గోడ కడితే అందరూ ఆగిపోతారు. నేను అడిగేది అన్ని వీధుల్లోనూ అన్ని బండ్లూ పోనివ్వమని కాదు. నడిచే మనిషికి ప్రతి వీధి చివరా ఒక దారి ఉండాలని అడుగుతున్నాను.

మరి చేయవలసింది ఏమిటి? ఐక్యరాజ్య సమితి ఆవాసాల సంస్థ ఒక కొలమానం ఇచ్చింది: నగర భూమిలో కనీసం 30 శాతం వీధులకు ఉండాలి, చదరపు కిలోమీటరుకు కనీసం 18 కిలోమీటర్ల వీధులు ఉండాలి. 100 మీటర్ల గళ్ళు గీస్తే చదరపు కిలోమీటరుకు 20 కిలోమీటర్ల వీధి, 100 కూడళ్ళు వస్తాయి. గడిని 200 మీటర్లు చేస్తే వీధి సగమవుతుంది, కూడళ్ళు 25కు పడిపోతాయి. మన లేఅవుట్లలోనూ రోడ్లకు సుమారు 30 శాతం దాకా పోతోంది. అంటే భూమి మనం ఇస్తూనే ఉన్నాం. ఇవ్వవలసినంతా ఇచ్చి, కలయిక మాత్రం పొందలేకపోతున్నాం. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

కనుక మొదటి పని, పొలం పొలంగా ఉన్నప్పుడే పెద్ద వీధుల గీతలు నేల మీద పడాలి. నగర విస్తరణ మీద జీవితమంతా పనిచేసిన ష్లోమో ఏంజెల్ చెప్పేది ఇదే: నగరం చేరబోయే నేలలో ముందుగానే కిలోమీటరుకు ఒకటి చొప్పున 25, 30 మీటర్ల వెడల్పు వీధులకు చోటు పట్టి ఉంచండి, రోడ్డు తరువాత వేసుకోవచ్చు. డబ్బు ఎక్కడిది అంటారా? గుజరాత్‌ను చూడండి. అక్కడ నగర ప్రణాళిక పథకాల పద్ధతి 1915 నాటి బొంబాయి చట్టం నుంచి వస్తోంది, 1976లో కొత్త చట్టం చేసుకున్నారు. పక్కపక్కనున్న పొలాలన్నింటినీ ఒకే పటంలో కలిపి, ప్రతి యజమాని నుంచి కొంత భాగం వీధులకు, పార్కులకు తీసుకుని, మిగిలినదాన్ని చక్కటి ఆకారంలో తిరిగి ఇస్తారు. అహ్మదాబాదు చుట్టూ 76 కిలోమీటర్ల రింగ్ రోడ్డుకు చాలా భూమి ఇలాగే సమకూరింది. 2001 భూకంపంలో భుజ్ పాతపట్టణంలో ఇరుకు సందుల్లోంచి బయటపడలేక జనం చనిపోయారు, ఆ తరువాత అక్కడ కూడా ఈ పద్ధతితోనే వీధులు తెరిచారు. అమరావతిలో 2015లో రైతుల భూములు సమీకరించినప్పుడు నేలంతా ఒకే పటం మీదికి వచ్చింది, గెట్లు చెరిగిపోయాయి, గళ్ళ వీధులు గీయగలిగారు. రాజధాని గురించిన వివాదాల్లోకి నేను వెళ్ళడం లేదు. వీధి గీయడానికి ముందు గెట్టు చెరగాలి, అది మాత్రమే చూడమంటున్నాను.

రెండో పని, రెవెన్యూ నక్షలను బయటికి తీయాలి. మన ఊళ్ళలో డొంకలున్నాయి, పుంతలున్నాయి, బండ్ల బాటలున్నాయి. ఒక ఊరి నుంచి మరో ఊరికి, పొలం నుంచి చెరువుకట్టకు పోయే ఈ దారులు నక్షలో చుక్కల గీతలుగా కనిపిస్తాయి. తరతరాలుగా జనం నడిచి వేసిన అనుసంధానం అది, ఉచితంగా మన చేతికి వచ్చింది. లేఅవుట్ వేసేటప్పుడు ఎన్ని బాటలు ప్రహరీల లోపలికి పోయాయో చెప్పలేను. మీలో పంచాయతీల్లో, పురపాలక సంఘాల్లో పనిచేసేవారు ఉంటే, అనుమతి కాగితం మీద సంతకం చేసే ముందు ఆ నక్షను ఒకసారి పక్కన పెట్టుకోండి. చుట్టూ ఉన్న లేఅవుట్లను ఆ కాగితం మీదే చూపించమని అడగండి. గెట్టు దగ్గర ఆగిన ప్రతి రోడ్డుకూ ఎదురు రోడ్డు ఎక్కడ అని అడగండి.

ఇప్పటికే కట్టేసిన చోట ఇంతటి పని చేయలేం. అక్కడ చిన్న పని చేయగలం. ఆ గోడ దగ్గరికే మళ్ళీ వస్తాను. మా విద్యార్థులు గీసిన పటాన్ని రెండు కాలనీల సంఘాల ముందు పెట్టాం. మొదటి సమావేశంలో పెద్ద మాటలే వచ్చాయి: దొంగలు వస్తారు, మా పార్కింగు పోతుంది, వాళ్ళ పిల్లలు మా పార్కులో ఆడతారు. రెండో సమావేశానికి ఆ ఇల్లాలు తన పాపను తీసుకువచ్చారు. మూడో సమావేశంలో, గోడ పక్కన ఖాళీగా ఉన్న ప్లాటు యజమాని, తన హద్దు వెంట ఐదు అడుగులు వదలడానికి ఒప్పుకున్నారు. దానికి బదులుగా రెండు సంఘాలూ కలిసి ఆయన ప్రహరీ కట్టించి ఇవ్వాలన్నారు. నేను కిందటి నెల వెళ్ళినప్పుడు ఆ గోడలో ఐదు అడుగుల మేర తీసేసి ఉంది, బండ్లు పోకుండా మధ్యలో రెండు ఇనుప కడ్డీలు పాతారు, రాత్రి పూటకు ఒక దీపం పెట్టారు. అరిగిన ఇటుకలున్న ముక్క పక్కన అలాగే మిగిలి ఉంది. బడి విడిచిపెట్టే వేళ నిలబడి లెక్కపెట్టాను, అరగంటలో 112 మంది దాటారు. వారిలో ముగ్గురు చేతికర్రతో నడిచే పెద్దవారు. గోడ దూకవలసి వచ్చినన్నాళ్ళూ వారు ఆ దారిన రాలేదు.